ఓపెన్ డేలో నటించాలా, పరీక్షలకు చదువుకోవాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. మాది కరీంనగర్. నాలుగు నెలలుగా శని, ఆదివారాల్లో ఒక నటన శిక్షణ సంస్థకు వెళ్తున్నాను. వచ్చే నెలాఖరు ఆదివారం అక్కడ ఓపెన్ డే. తల్లిదండ్రులనూ, కొత్తగా చేరాలనుకునేవాళ్లనూ పిలిచి మా చేత ప్రదర్శనలు ఇప్పిస్తారు. రెండు నిమిషాల ఏకపాత్ర గానీ, ఇద్దరు చేసే ఎనిమిది నిమిషాల సన్నివేశం గానీ ఎంచుకోమన్నారు. ఇంతవరకూ స్టేజీ ఎక్కలేదు, మధ్యలో డైలాగు మర్చిపోతానేమోనని భయం. ఆ తర్వాత రెండు వారాలకే సెమిస్టర్ పరీక్షలు. ‘దీనివల్ల నీ కెరీర్‌కి ఒరిగేదేమిటి?’ అని నాన్న అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పకుండా చేయండి. అయితే ఏకపాత్ర వద్దు, ఇద్దరి సన్నివేశం తీసుకోండి.

రెండు నిమిషాలే కదా, తేలిగ్గా అయిపోతుందని మొదటిసారి స్టేజీ ఎక్కేవాళ్లు ఏకపాత్ర వైపు మొగ్గుతారు. నిజానికి కష్టమైనది అదే. ఎదురుగా మనిషి ఉండరు, గాల్లోకి చూస్తూ మాట్లాడాలి. మాట తప్పితే అందించేవాళ్లుండరు. దాంతో దృష్టంతా ‘నేనెలా చేస్తున్నాను’ అన్నదాని మీదికే పోతుంది, భయం పెరుగుతుంది. ఎదుట మరో మనిషి ఉంటే చూడటానికి ఒక ముఖం, వినడానికి ఒక మాట ఉంటాయి. ఆడిషన్లలో అనుభవజ్ఞులు చూసేది కూడా ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు మీ ముఖంలో ఏం జరుగుతోందన్నదే. ఆ అలవాటు పడాల్సింది ఇప్పుడే.

సన్నివేశం ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. పాత్ర వయసు మీ వయసుకు దగ్గరగా ఉండాలి. ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ ఎదుటివారి నుంచి కావాల్సిందొకటి ఉండాలి: అప్పు, క్షమాపణ, సంతకం, ఒక నిజం, ఏదైనా సరే. సన్నివేశం మొదట్లో ఉన్న పరిస్థితి చివరికొచ్చేసరికి మారాలి. చావు, పిచ్చి, తాగుడు ఉన్నవి ఈసారికి పక్కన పెట్టండి. వాటిలో కొత్త నటులు అరుపులో, ఏడుపులో పడిపోతారు, ఎదుటి మనిషిని మర్చిపోతారు. సినిమా సీన్లూ వద్దు. హాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ హీరోయిన్ గొంతు గుర్తుంటుంది, మీరు ఎంత బాగా చేసినా పోలికే మిగులుతుంది. అచ్చయిన తెలుగు నాటికల్లో ఇద్దరి ఘట్టాలు బోలెడు దొరుకుతాయి.

ఎనిమిది నిమిషాలిచ్చారంటే స్క్రిప్టు ఆరున్నర నిమిషాలకు కోయండి. కూర్చుని చదివితే పట్టే సమయానికి ప్రవేశాలు, నిశ్శబ్దాలు, ప్రేక్షకుల నవ్వులు కలుస్తాయి. వేళ మించినప్పుడు చాలాచోట్ల చివర్లో లైటు తీసేస్తారు, సన్నివేశానికి ప్రాణమైన ముగింపే పోతుంది. కోసేటప్పుడు జరిగిపోయిన సంగతులు చెప్పుకునే డైలాగుల్ని ముందు తీసేయండి. ఎదుటివారి నుంచి ఏదో రాబట్టే డైలాగుల్ని ఉంచండి.

సాధనకు పన్నెండు నుంచి పదిహేను గంటలు కావాలి. నాలుగు వారాలకు పంచితే వారానికి నాలుగు గంటల లోపే. పరీక్షల చదువు దీనివల్ల దెబ్బతినదు. దెబ్బతినేది చివరి మూడు రోజుల్లో రాత్రింబవళ్లు రిహార్సల్ చేస్తే. మొదటి వారం కూర్చుని చదవడం, కోతలు. రెండో వారం కదలికలు ఖాయం చేసుకోవడం. మూడో వారం మొదలయ్యేసరికి చేతిలో కాగితం ఉండకూడదు. నాలుగో వారం మొత్తం ఆపకుండా నడిపించడమే, తప్పొచ్చినా ఆగొద్దు. ఆగి మళ్లీ మొదలుపెట్టే అలవాటు రిహార్సల్లో పడితే స్టేజీ మీద కూడా కాళ్లు ఆగిపోతాయి.

మర్చిపోతానన్న భయానికి విరుగుడు కంఠస్థం చేసే పద్ధతిలో ఉంది. చాలామంది తమ డైలాగులు మాత్రమే వరుసగా బట్టీ పడతారు. అసలు గుర్తుంచుకోవాల్సింది మీ డైలాగుకు ముందొచ్చే భాగస్వామి ఆఖరి నాలుగు మాటలు, అంటే మీ క్యూ. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు క్యూ, కుడివైపు మీ డైలాగు చేత్తో రాసుకోండి. కుడివైపు కప్పేసి, క్యూ చూసి చెప్పండి. మొదట్లో ఏ భావమూ పెట్టకుండా, బట్టలు మడతపెడుతూనో, నడుస్తూనో అనండి. కోపంతో బట్టీ పడితే ఆ రాగం గొంతులో పాతుకుపోయి, భాగస్వామి వేరేలా పలికినా మీరు అదే రాగంలో బదులిస్తారు. మరో జాగ్రత్త: ఇద్దరూ కలిసి మూడు ‘రక్షణ ప్రశ్నలు’ తయారుచేసుకోండి. మీరు ఆగిపోతే మీ భాగస్వామి ‘ఇంతకీ డబ్బు సంగతేంటి?’ అని పాత్రలోంచే అడుగుతుంది, మీరు తర్వాతి చోటికి వచ్చేస్తారు. చూసేవాళ్లకు తెలియనే తెలియదు. తెర పక్కనుంచి డైలాగు అందించే ప్రాంప్టింగ్ మీద ఆధారపడొద్దు, చిన్న హాల్లో అది ప్రేక్షకులకే ముందు వినపడుతుంది.

గొంతు గురించి ఒక్క విషయం మీద గట్టిగా పనిచేయండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘నేను రేపు మీ ఇంటికి వస్తాను’, ‘నేను రేపు మీ ఇంటికి రాను’ – ఈ రెంటికీ తేడా ఆఖరి మాటలోనే ఉంది. కొత్త నటులకు సరిగ్గా అక్కడే ఊపిరి అయిపోతుంది, గొంతు జారిపోతుంది. వెనక వరుసకు ‘నేను రేపు మీ ఇంటికి’ వరకే చేరుతుంది, కథ అర్థం కాదు. ‘గట్టిగా మాట్లాడు’ అని ఎవరైనా అంటే వాక్యం మొదలును ఇంకా పెద్దగా అరుస్తారు, చివర మళ్లీ మింగేస్తారు. అందుకే స్క్రిప్టులో ప్రతి వాక్యం క్రియ కింద గీత గీయండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చిన్న గుర్తు పెట్టుకోండి. ఫ్యాన్లు తిరుగుతుండగా ఒకరిని ఆఖరి కుర్చీలో కూర్చోబెట్టి, వినపడని ప్రతి మాటకూ చెయ్యెత్తమనండి. రెండు పూటలు ఇలా చేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఉచ్చారణకు ‘క చ ట త ప, గ జ డ ద బ’ నెమ్మదిగా, తర్వాత వేగంగా, పెదవులూ నాలుకా పూర్తిగా కదిలేలా రోజూ ఐదు నిమిషాలు పలకండి.

స్థలాన్ని టేపుతో కొలవండి. శిక్షణ సంస్థల్లో సాధారణంగా ఒక గదిలోనే సగం స్టేజీ, సగం కుర్చీలు. ఆ కొలతల్నే హాస్టల్ డాబా మీద సుద్దముక్కతో గీసి సాధన చేయండి. పెద్ద జాగాలో అలవాటైన నాలుగడుగులు అక్కడ గోడకు తగులుతాయి. మీరు ముందు, భాగస్వామి వెనక నిలబడితే ఆమెతో మాట్లాడాలంటే మీ వీపు ప్రేక్షకులకు వస్తుంది. ఇద్దరూ ఒకే గీత మీద, కాస్త ఏటవాలుగా ఉండండి. కుర్చీ కాళ్లుండే చోట నేలమీద చిన్న రంగు టేపు ముక్కలు అంటించండి. లైటింగ్ చూసే రోజు మీ స్థానంలో వేరొకరిని నిలబెట్టి హాల్లోంచి చూడండి. కళ్ల గుంటలు నల్లగా కనిపిస్తే లైటు నడినెత్తిన ఉన్నట్టు, అడుగు వెనక్కి జరగాలి.

సన్నివేశంలో వాడే వస్తువులు మూడుకు మించొద్దు. గాజు గ్లాసు బదులు స్టీలుది వాడండి. తినే సన్నివేశమైతే పొడిపొడి బిస్కెట్లు, మిక్చరు వద్దు, మాట రాదు. కట్టుకునే బట్టలు, చెప్పులు కనీసం రెండు రిహార్సళ్లలో వేసుకుని చూడండి. చీరైతే కుచ్చిళ్లకు, పవిటకు పిన్నులు తప్పనిసరి. వెనక నల్ల తెర ఉంటే నల్ల దుస్తులు వద్దు, మనిషి తెరలో కలిసిపోయి తల ఒక్కటే కనిపిస్తుంది. శబ్దాలుంటే ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి ఉంచండి, ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. బ్లూటూత్ స్పీకర్లలో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, తలుపు చప్పుడు లాంటి వాటికి వైరు కలిపిన స్పీకరే నయం.

చెంపదెబ్బ, చెయ్యి పట్టి లాగడం, కౌగిలి లాంటివి ఉంటే మొదటి రిహార్సల్లోనే శిక్షకుల ముందు మాట్లాడుకోవాలి. ఎక్కడ తాకొచ్చు, ఎక్కడ తాకకూడదు అన్నది ఇద్దరూ ఒప్పుకుని రాసుకోవాలి. ప్రదర్శన రోజున ‘నిజంలా ఉండాలి’ అంటూ ఎవరు మార్చినా ఒప్పుకోవద్దు. మీకు ఇబ్బందిగా ఉంటే వద్దనే హక్కు మీకుంది, అలా అనడం వల్ల మీరు తక్కువ నటి అయిపోరు.

ఆ రోజు రెండు గంటల ముందు చేరండి. రెండు ఇడ్లీల్లాంటి తేలికైన తిండి, గోరువెచ్చని నీళ్లు చాలు. పదిహేను నిమిషాలు ఒళ్లు, గొంతు వేడెక్కించుకుని, మొదటి అర నిమిషం సన్నివేశాన్ని భాగస్వామితో ఒకసారి నడపండి. మొదటి నాలుగు మాటలు సాఫీగా సాగితే తక్కినవి వెనకే వస్తాయి. ప్రేక్షకుల్లో అమ్మానాన్న ఎక్కడ కూర్చున్నారో వెతకొద్దు. ప్రేక్షకులు నవ్వితే, ఆ నవ్వు తగ్గుముఖం పట్టేదాకా ఆగి తర్వాతి మాట అనండి. అయిపోయాక పరుగెత్తి వెళ్లిపోకుండా నిలబడి నమస్కరించండి. మీ సన్నివేశం అయ్యాక మరో బృందానికి తెర వెనక సాయం చేస్తానని ముందే పేరివ్వండి. కుర్చీలు మార్చడం, ఏ మాటకు ఏ శబ్దం రావాలో రాసుకున్న క్యూ షీటు చూస్తూ శబ్దం నొక్కడం నేర్చినవాళ్లను నాటక బృందాలు వెంటనే తీసుకుంటాయి.

ఇక నాన్నగారి ప్రశ్న. ఓపెన్ డే వల్ల సినిమా అవకాశం రాదు, వస్తుందని ఆశించి చేయకూడదు. దానివల్ల రెండు తెలుస్తాయి: ఒక పనిని నెల రోజులు పట్టుదలగా చేసి, చెప్పిన రోజున చెప్పిన వేళకు అప్పగించగలరా, ఈ పని మీకు నిజంగా ఇష్టమేనా. నటననే వృత్తిగా అనుకుంటే డిగ్రీ అడ్డంకి కాదు, అదే మొదటి అర్హత. దిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీ కావాలి. హిందీ, ఇంగ్లిష్ వచ్చి ఉండాలి. కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవాన్ని ఆధారాలతో సహా అడుగుతూ వచ్చారు కాబట్టి, దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో నిబంధనలు సరిచూసుకోండి. అదే సంస్థ బెంగళూరు కేంద్రంలో ఏడాది కోర్సు ఉంది. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో స్క్రీన్ యాక్టింగ్‌కూ డిగ్రీ కావాలి. దగ్గర్లో అయితే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల విభాగం ఉంది. ఎనిమిది నిమిషాల ఓపెన్ డే సన్నివేశాన్ని ఆ ‘ఆరు నాటకాల్లో’ ఒకటిగా చూపించకండి. అది వాటికి తొలిమెట్టు. పరీక్షలయ్యాక నాటక పరిషత్తులు జరిపే పోటీలకు నాటికలు వేసే బృందంలో చిన్న పాత్రకో, తెర వెనక పనికో అడగండి. ఆహ్వాన పత్రం, తారీఖు, మీ పేరున్న కరపత్రం, రెండు ఫొటోలు ప్రతిసారీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రవీంద్రభారతిలో, బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో నాటకాలు చూస్తుండండి.

డబ్బు విషయంలో జాగ్రత్త. ‘క్యాస్టింగ్ డైరెక్టర్లు వస్తున్నారు, పోర్ట్‌ఫోలియోకు ఇంత కట్టండి’ అని ఓపెన్ డే పేరుతో అదనంగా అడిగితే కట్టొద్దు. నిజమైన ఆడిషన్‌కు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోరు. మీ ప్రదర్శన వీడియోను సంస్థ ప్రకటనలకు వాడుకుంటుందా అన్నది ముందే అడిగి, మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి. నాటిక రచయిత హక్కుల గురించి కూడా అడగండి. మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై అరవై ఏళ్లు హక్కులుంటాయి. ఔత్సాహిక సంఘాలు టికెట్ లేకుండా వేసే ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నా, ఫీజు తీసుకునే సంస్థ కాబట్టి రచయితకో, వారసులకో ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోవడం మర్యాద, క్షేమం కూడా. యూట్యూబ్‌లో పెట్టాలంటే అనుమతి తప్పనిసరి అనే అనుకోండి.

ప్రదర్శన అయిన రోజే ముగ్గుర్ని ఈ మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోండి: ఏ మాట వినపడలేదు? ఎక్కడ విసుగనిపించింది? మా ఇద్దరి మధ్య గొడవేంటో అర్థమైందా? ‘ఎలా చేశాను?’ అని అడిగితే అందరూ ‘బాగా చేశావ్’ అనే అంటారు, దాంతో ఏం నేర్చుకోలేరు. ఆ మర్నాటి నుంచి పరీక్షలు అయ్యేదాకా శని, ఆదివారాల్లో క్లాసుకు రానని సంస్థకు ఈ వారమే చెప్పి పెట్టండి. సన్నివేశం బాగా వచ్చిందని ‘ఇంకోచోట వేద్దాం’ అని ఎవరైనా అడిగితే, పరీక్షల తర్వాతి తారీఖు ఇవ్వండి.