మల్లోవే ఎప్పుడు పడుతుందంటే
తమ్ముడూ, జనవరి ఎండలో మూడు వారాలు సిడ్నీ బీచ్‌ల్లో గాలం వేసినా ఒక్క మల్లోవే చేప కూడా పడలేదన్నావు. చోటు మంచిదే, కాలమే కుదరలేదు. బీచ్ మీదైతే ఏప్రిల్, మే దాకా ఆగు. అప్పుడు మల్లెట్ చేపల గుంపులు గుడ్లు పెట్టడానికి నదులు వదిలి సముద్రంలోకి దిగుతాయి, వాటి వెనకే ఇవీ వస్తాయి. సిడ్నీ దగ్గరి హాక్స్‌బరీ నదిలో మాత్రం అక్కడి వేసవి చివర్నించే, అంటే ఫిబ్రవరి నుంచే చూడొచ్చు. పెద్ద వాన పడ్డాక ఎర్రనీరు ఉప్పునీటిని కలిసే అంచు వదలకు. పొద్దు వాలాక, పోటు తిరిగే వేళ, బతికున్న మల్లెట్‌ని ఎర వెయ్. మల్లోవే మన కచిడికి చుట్టమే. ముందు ఎరని మెల్లగా తడుముతుంది, దారం బరువుగా సాగేదాకా లాగకు. 70 సెంటీమీటర్ల లోపుదైతే నీళ్లలోకి వదిలెయ్.