ఊరి గ్రంథాలయానికి 5 లక్షలు: ఒకేసారి ఇవ్వాలా, ఏటా ఇవ్వాలా?

ప్రశ్న: నాన్నగారి పేరిట మా ఊరి శాఖా గ్రంథాలయానికి 5 లక్షలు ఇవ్వాలనుకుంటున్నాను. నా జీతం ఏడాదికి 14 లక్షలు, పన్ను మినహాయింపున్న 80సి పొదుపు 1.5 లక్షలు. ఇంటి రుణం, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) లేవు. విరాళాలపై పన్ను మినహాయింపు ఇచ్చే 80జి కోసం పాత పన్ను విధానంలోకి మారమంటారా?

జవాబు: వద్దండి. 2025-26 లెక్కే చూడండి. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలో నేరుగా తగ్గించే 50,000), 80సి పోగా మీ ఆదాయం 12 లక్షలు. 50 శాతం మినహాయింపున్న సంస్థకే ఇచ్చినా, ఇందులో 10 శాతం, అంటే 1.2 లక్షల విరాళాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అందులో సగం, 60,000 ఆదాయం నుంచి తగ్గుతుంది. మిగిలిన 3.8 లక్షలను వచ్చే ఏడాది చూపించుకునే వీల్లేదు. ఇంతా చేస్తే సెస్సుతో కలిపి పన్ను 1,60,680. కొత్త విధానంలో విరాళం ఊసే లేకుండా 81,900.

కాబట్టి 80జి సంగతి వదిలేయండి. ఆ డబ్బు పుస్తకాల దాకా చేరుతుందా అన్నదే అసలు విషయం.

శాఖా గ్రంథాలయం జిల్లా గ్రంథాలయ సంస్థ కింద నడుస్తుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలై, స్థానిక సంస్థల ద్వారా దానికి చేరాలి. ఆ జమ ఆలస్యమైతే ముందు దెబ్బ తినేది పత్రికలూ కొత్త పుస్తకాలే. దాత అవసరం అక్కడే. కానీ మీరు సంస్థ పేరిట చెక్కు రాస్తే సొమ్ము జిల్లా ఖాతాలో పడుతుంది. ఫలానా శాఖకు, ఫలానా పనికి అని రాతపూర్వక అంగీకారం లేకుండా చెక్కు ఇవ్వకండి.

నన్నడిగితే 5 లక్షలూ మీ పేరిటే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి, ఏటా వడ్డీ ఖర్చు పెట్టండి. 7 శాతం వస్తే 35,000. మీ శ్లాబులో పన్ను 5,460 పోగా 29,540 మిగులుతుంది. వడ్డీ 50,000 దాటనంతవరకు బ్యాంకు ముందుగానే పన్ను (టీడీఎస్) కోయదు, అయినా రిటర్నులో చూపించాల్సిందే. నామినీని పెట్టడం మరవకండి. ధరలు పెరిగేకొద్దీ అదే వడ్డీకి తక్కువ పుస్తకాలు వస్తాయి గనుక ఏటా మూడు నాలుగు వేలు అసలులో కలపండి.

మీకు నచ్చిన పుస్తకాలు కొనేయకండి. పాఠకులు అడిగి దొరకక వెళ్లిపోయినవేవో గ్రంథపాలకుడి దగ్గర జాబితా తీసుకోండి. డీఎస్సీ, గ్రూప్-2 పుస్తకాలకు గిరాకీ ఉంటుంది గానీ సిలబస్ మారితే అవి అటకెక్కుతాయి. సగానికి మించి వాటికి పెట్టకండి. ఇంట్లో పాతవి మూటగట్టి ఇవ్వడం దానం కాదు, బీరువా ఖాళీ చేసుకోవడం.

ఇచ్చిన ప్రతి పుస్తకం రిజిస్టరులో నంబరుతో ఎక్కిందో లేదో చూసి, రసీదు తీసుకోండి. నాన్నగారి పేరు ముద్రను లోపలి పేజీలో వేయించండి. బీరువా కూడా ఇవ్వదలిస్తే కొలతలు గ్రంథపాలకుణ్ని అడిగాకే కొనండి. చోటు లేక వరండాలో పెడితే వానకు తడుస్తాయి.