కీమో నడుస్తున్న మనిషిని కరోనా భయంతో ఇంట్లోనే ఉంచాం. జ్వరం వస్తే ఏం చేయాలి?

ముందుగా, డోలో వేసి చూద్దాం అనుకోకండి. థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) చూపిస్తే, అర్ధరాత్రయినా సరే ఆంకాలజీ (క్యాన్సర్) వార్డుకి ఫోన్ చేసి బయల్దేరాలి. మాత్ర వేస్తే అంకె దిగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

గడప దాటకపోతే వైరస్ ముప్పు తగ్గుతుంది, నిజమే. కానీ కీమోలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు మన నోట్లో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియానే. దానికి తలుపులు మూసి లాభం లేదు. సాధారణంగా కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా పడిపోతాయి. ఇవి మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గినప్పుడు చీము పట్టదు, ఎరుపు కూడా పెద్దగా కనిపించదు. ఒక్కోసారి జ్వరమొక్కటే గుర్తు. స్టెరాయిడ్ వాడుతుంటే అదీ బయటపడకపోవచ్చు, కాబట్టి చలి, వణుకు వచ్చినా జ్వరం కిందే లెక్క. ఆసుపత్రికి చేరిన గంటలోపు సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ పడాలి.

టెంపరేచర్ నాలుక కింద చూడండి. కాఫీ తాగితే అరగంట ఆగాలి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టొద్దు, గాయమైతే అక్కణ్ణుంచే ఇన్ఫెక్షన్.

బయల్దేరేటప్పుడు కీమో ఫైలు, ఆఖరి బ్లడ్ రిపోర్టు తీసుకెళ్ళండి. కీమో పేషెంటని ఫోన్‌లోనే చెబితే మిగతా రోగుల క్యూలో కూర్చోబెట్టకుండా విడిగా చూసే వీలుంటుంది.

ఇంట్లో బజారుకి ఒక్కరే వెళ్ళాలి. ఎవరికి దగ్గు మొదలైనా వేరే గదిలో పడుకోవాలి, అది మనవడైనా సరే.