అమ్మిన గేమ్ ఐడీని ఎవరో వెనక్కి లాక్కున్నారు.. కేసు మా అబ్బాయి మీద పడుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి 20 ఏళ్లు, విజయవాడలో బీటెక్ చదువుతున్నాడు. ఏడాది కిందట టెలిగ్రామ్‌లో ఒకరి దగ్గర 14,000 రూపాయలకు బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) ఐడీ కొన్నాడట. మూడు నెలల కిందట అదే ఐడీని హైదరాబాద్‌లో ఉండే ఒకతనికి 32,000కు అమ్మాడు. దానికి జతచేసి ఉన్న జీమెయిల్, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశాడు. పోయిన వారం ఆ జీమెయిల్ పాస్‌వర్డ్‌ను ఎవరో మార్చేశారు. మా వాడే వెనక్కి లాక్కున్నాడని కొన్నతను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, బ్యాంకు వాళ్లు వాడి ఖాతాలో 32,000 ఆపేశారు. రెట్టింపు, అంటే 64,000 ఇవ్వకపోతే ‘మోసగాడు’ అని రాసి వాడి ఫొటో అన్ని గ్రూపుల్లో పెడతానని అతను బెదిరిస్తున్నాడు. నిన్న ఒకరు వాట్సాప్‌లో ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ ఎస్సైని, డబ్బు కడితే ఫైలు మూసేస్తానన్నారు. మా వాడిని అరెస్టు చేస్తారా? డబ్బు తిరిగి ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ రెండు ప్రశ్నలకూ సూటిగా చెబుతాను. ఇలాంటి ఆరోపణ మీద నోటీసు కూడా ఇవ్వకుండా నేరుగా అరెస్టు చేయడం మామూలుగా జరగదు, జరగకూడదు కూడా. డబ్బు తిరిగి ఇచ్చినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. అయితే ఏ దారిలో ఇస్తున్నారు, ఏ కాగితం మీద ఇస్తున్నారు అన్నదే ముఖ్యం. తొందరపడి ఎవరో చెప్పిన నంబరుకు పంపేస్తే డబ్బూ పోతుంది, ఫిర్యాదూ అలాగే ఉండిపోతుంది.

అసలు మీ వాడు అమ్మింది ఏమిటో చూద్దాం. గేమ్ ఐడీ ఆడేవాడి సొంత ఆస్తి కాదు. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ సంస్థ నిబంధనల ప్రకారం అది ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. ఐడీని అమ్మడం, ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు. అలా చేసినట్టు తేలితే సంస్థ ఐడీని మూసేయవచ్చు. కాబట్టి కస్టమర్ కేర్‌కు రాసి ఐడీ తిరిగి ఇప్పించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. అలా రాస్తే అమ్మకం జరిగిందని మీరే చెప్పినట్టవుతుంది. కానీ సంస్థ నిబంధన మీరడం వేరు, నేరం చేయడం వేరు. ఐడీ అమ్మినంత మాత్రాన జైలుశిక్ష వేసే చట్టం లేదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను. మీది ఆ కోవలోకి రాదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించుకుంటే ఐడీ అమ్మకం గట్టిపడుతుందని చాలామంది కుర్రాళ్లు నమ్ముతున్నారు. తనకు లేని హక్కును ఎవరూ స్టాంపు కాగితంతో పుట్టించలేరు. ఆ కాగితం డబ్బు చేతులు మారిందనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే.

ఇక అసలు విషయం మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) ప్రకారం మోసగించి డబ్బు రాబడితే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చేతిలో ఉండే సెక్షన్ ఇది. అయితే మోసగించాలన్న ఉద్దేశం బేరం కుదిరిన రోజునే ఉండాలి. తర్వాత మాట నిలబడకపోతే అది సివిల్ తగాదా అవుతుంది గానీ మోసం కాదని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టంగా చెప్పింది. అంటే మీ వాడి భవిష్యత్తు రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. బేరమప్పుడు కొన్నతనితో ఏం చెప్పాడు? పోయిన వారం ఆ జీమెయిల్‌లోకి వెళ్లింది ఎవరు?

మొదటి దానికి చాట్ చూడాలి. ‘నేను కూడా వేరేవాళ్ల దగ్గర కొన్నదే’ అని ఎక్కడైనా రాసి ఉంటే మీ వాడికి అదే పెద్ద అండ. ‘ఫస్ట్ ఓనర్ నేనే’, ‘జీవితాంతం గ్యారంటీ’ అని రాసి ఉంటే ఇబ్బందే. అలాంటి అబద్ధం చెప్పి అమ్మితే, ఐడీని తను వెనక్కి తీసుకోకపోయినా మోసం ఆరోపణకు బలం వస్తుంది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే మధ్యస్థం. అప్పుడు కాంట్రాక్టు చట్టం కింద డబ్బు తిరిగివ్వాల్సిన బాధ్యత గురించి వాదన నడుస్తుంది, క్రిమినల్ కేసు బలహీనపడుతుంది.

రెండోది లాగిన్ సంగతి. ఈ వ్యాపారంలో ఎక్కువగా జరిగేదేమిటంటే, మొట్టమొదట ఆ జీమెయిల్ తెరిచినవాడు ఐడీని అమ్మేసి, కొన్నాళ్లాగి పాత ఫోన్ నంబరుతోనో, రికవరీ మెయిల్‌తోనో ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని మళ్లీ తన చేతిలోకి తెచ్చుకుంటాడు. మధ్యలో కొని అమ్మినవాడు నిందితుడిగా మిగులుతాడు. రికవరీ నంబరు మార్చినా కొన్ని రోజుల పాటు పాత నంబరుకు కోడ్ పంపే వీలును గూగుల్ ఇస్తుంది. మీ వాడి విషయంలో జరిగింది ఇదే కావచ్చు. అదే పని మీ వాడు చేసి ఉంటే మాత్రం ఐటీ చట్టం సెక్షన్లు 66, 66సీ కూడా తోడవుతాయి, ఒక్కోదానికి మూడేళ్ల దాకా శిక్ష. ఇది కోపంతో కాకుండా కూర్చోబెట్టి ఒక్కసారి అడగండి. లాయర్‌కు చెప్పే మాట, పోలీసులకు చెప్పే మాట ఒకటే కావాలి. ఎందుకంటే ఏ రోజు, ఏ ఫోన్ నుంచి, ఏ ఐపీ అడ్రస్ నుంచి లాగిన్ జరిగిందో గూగుల్ దగ్గర ఉంటుంది. దర్యాప్తు అధికారి అడిగితే అది బయటికి వస్తుంది.

మీ వాడు నిర్దోషి అయితే ఆ రికార్డే అతన్ని కాపాడుతుంది. కాబట్టి దాన్ని తెప్పించమని మీరే రాతపూర్వకంగా కోరండి. ‘ఫలానా జీమెయిల్‌కు ఫలానా తేదీల మధ్య జరిగిన లాగిన్, పాస్‌వర్డ్ మార్పు, రికవరీ నంబరు వివరాలను గూగుల్ నుంచి తెప్పించగలరు’ అని దర్యాప్తు అధికారికి ఈమెయిల్, దాంతోపాటు స్పీడ్ పోస్టు పంపి రసీదు దాచండి. లాగిన్ రికార్డులు ఎల్లకాలం ఉండవు, కాబట్టి ఈ వారమే పంపాలి.

ఈ రాత్రే చేయాల్సిన పని ఇంకొకటుంది. టెలిగ్రామ్‌లో అవతలివాడు తలచుకుంటే ఇద్దరి ఫోన్లలోనూ చాట్ చెరిపేయగలడు. 14,000కు అమ్మినవాడి చాట్, హైదరాబాద్ అతని చాట్ రెండూ మొదటి నుంచి చివరిదాకా స్క్రీన్ రికార్డింగ్ తీయించండి. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, అదీ చేయండి. యూజర్ నేమ్, ఫోన్ నంబరు కనిపించే ప్రొఫైల్ పేజీ కూడా రావాలి. రెండు లావాదేవీల యూపీఐ రసీదులు, వాటిపై ఉండే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబర్లు, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీయించుకోండి. ఫోన్ ఫార్మాట్ చేయవద్దు, అమ్మవద్దు, మార్చవద్దు. భయంతో చాట్ చెరిపేసిన కుర్రాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. తమకు పనికొచ్చే మాట కూడా అందులోనే పోతుంది, పైగా సాక్ష్యం మాయం చేశారన్న నింద వస్తుంది. రేపు కోర్టులో స్క్రీన్‌షాట్లు పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయర్ చూసుకుంటారు, కానీ అసలు ఫోన్ ఉంటేనే పని సులువు.

బ్యాంకుకు వెళ్లి మేనేజర్‌కు ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అందులో నాలుగు విషయాలు అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్ లేదా సైబర్ విభాగం, దర్యాప్తు అధికారి ఈమెయిల్, ఆపింది 32,000 మాత్రమేనా లేక ఖాతా మొత్తమా. ఒక్క మొత్తాన్నే హోల్డ్ చేస్తే మిగతా డబ్బు వాడుకోవచ్చు. ఖాతా మొత్తం ఫ్రీజ్ చేసి ఉంటే, వివాదంలో ఉన్న మొత్తానికే పరిమితం చేయమని అధికారిని కోరవచ్చు. 2023లో కేరళ హైకోర్టు ఇదే మాట చెప్పింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 106 కింద ఆస్తి స్వాధీనం చేసుకుంటే పోలీసులు ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. అధికారి స్పందించకపోతే ఆ స్టేషన్ పరిధి మేజిస్ట్రేటు ముందు సెక్షన్ 503 కింద పిటిషన్ వేయాలి. ఫిర్యాదు హైదరాబాద్‌లో నమోదైతే వెళ్లాల్సింది అక్కడి కోర్టుకే, గుంటూరు కోర్టుకు కాదు.

డబ్బు తిరిగి ఇవ్వడం గురించి నా అభిప్రాయం స్పష్టం. మీ వాడు వెనక్కి లాక్కోకపోయినా, కొన్నతని చేతిలో ఇప్పుడు ఏమీ లేదు. ఐడీ మీద మీ వాడికే పూర్తి హక్కు లేనప్పుడు 32,000 ఉంచుకోవడాన్ని ఏ కోర్టులోనైనా సమర్థించడం కష్టం. 32,000 వెనక్కి ఇచ్చేయండి. 64,000కు మాత్రం ఆధారం లేదు, ఒక్క రూపాయి కూడా అదనంగా ఒప్పుకోకండి.

కానీ ఇక్కడే చాలామంది రెండుసార్లు చెల్లిస్తారు. ఆ 32,000 ఇప్పటికే బ్యాంకులో ఆగి ఉంది. కోర్టు ఉత్తర్వుతో అది నేరుగా ఫిర్యాదుదారుడికే వెళ్లవచ్చు. మీరు ఇంకో 32,000 పంపితే అతనికి రెండు వైపులా అందుతుంది. కాబట్టి ఆగిన డబ్బును అతనికి విడుదల చేయడానికి మాకు అభ్యంతరం లేదని అధికారికి రాసివ్వడం మేలైన దారి. వేరుగా పంపాల్సి వస్తే, అతను ఏ ఖాతా నుంచి పంపాడో ఆ ఖాతాకే పంపండి. ‘మా బావ నంబరుకు వేయండి’ అంటే వద్దు. పంపేముందు ఒక ఒప్పంద పత్రం ఉండాలి: ఏ నేరాన్నీ ఒప్పుకోకుండా, తగాదా ముగించే ఉద్దేశంతో ఇస్తున్నామని, ఫిర్యాదు నంబరు ఫలానా అని, డబ్బు అందాక హోల్డ్ ఎత్తేయడానికి తనకు అభ్యంతరం లేదని అతను సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ ఇంకా కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ కేసుగా (కోర్టుకు వెళ్లకముందే లోక్ అదాలత్‌లో రాజీ కోసం) వేసుకోవచ్చు. ఫీజు ఉండదు, లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మీ వాడికి ఉచిత లాయర్ దొరుకుతారేమో కూడా అడగవచ్చు, నంబరు 15100. ఎఫ్‌ఐఆర్ అయ్యాక మాత్రం ఇద్దరూ రాజీపడి కాగితం ఇస్తే పోలీసులు కేసు మూసేయలేరు. 318(4)లో కోర్టు అనుమతితోనే రాజీ.

ఫొటో పెడతానన్న బెదిరింపు విషయానికొస్తే, తన డబ్బు అడగడం అతని హక్కు, పోలీసుల దగ్గరికి వెళతాననడమూ తప్పు కాదు. పరువు తీస్తానని బెదిరించి రెట్టింపు రాబట్టాలని చూడటం మాత్రం బలవంతపు వసూలు కిందికి, న్యాయ సంహిత సెక్షన్ 308 కిందికి వస్తుంది. ఆ మెసేజీలు దాచండి. తిట్టి జవాబివ్వవద్దు, ‘వివరాలు మా లాయర్‌తో మాట్లాడండి’ అని ఒక్క వాక్యం చాలు.

వాట్సాప్‌లో మాట్లాడిన ‘ఎస్సై’కి రూపాయి కూడా పంపకండి. డబ్బు కడితే ఫైలు మూసే పద్ధతి చట్టంలో లేదు. పేరు, స్టేషన్, హోదా అడిగి, ఆ స్టేషన్ ల్యాండ్‌లైన్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. నిజంగా పిలవాలంటే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లోనే సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పు ఉంది. సరైన నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకూడదు. పిలిచిన రోజున వెళ్లకపోవడమే అరెస్టుకు కారణం అవుతుంది. పరీక్షలు ఉంటే హాల్ టికెట్ నకలు జతచేసి వేరే తేదీ అడగండి. ఎఫ్‌ఐఆర్ అయిందని తెలిసి భయం ఉంటే, హైదరాబాద్ కోర్టుకు వెళ్లేలోగా కొద్దిరోజుల రక్షణ కోసం గుంటూరు సెషన్స్ కోర్టులో ట్రాన్సిట్ ముందస్తు బెయిల్ అడగవచ్చు. 2023లో ప్రియా ఇందోరియా కేసులో సుప్రీంకోర్టు దానికి వీలు కల్పించింది. కేసు కొట్టేయించాలంటే వెళ్లాల్సింది తెలంగాణ హైకోర్టుకు, అమరావతికి కాదు.

చివరిగా, 14,000కు అమ్మిన మొదటి వ్యక్తి. అతనే వెనక్కి తీసుకుని ఉంటే మీ వాడూ బాధితుడే. 1930కి గానీ, గుంటూరు సైబర్ క్రైమ్ పోలీసులకు గానీ తను కూడా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు కోసం సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది. అయితే పాత రికవరీ నంబరు ఇంకా మొదటివాడి చేతిలోనే ఉందని మీ వాడికి తెలిసి, ఆ సంగతి దాచి హైదరాబాద్ అతనికి అమ్మి ఉంటే ఈ ఫిర్యాదు తన మీదికే తిరుగుతుంది. ఆ ఒక్క సంగతి తేల్చుకున్నాకే, లాయర్‌కు రెండు చాట్లూ పూర్తిగా చూపించాకే ఫిర్యాదు రాయించండి.