జాకెట్ విప్పి కేజ్‌లోకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జూడో నుంచి ఎంఎంఏకి, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిపి కంచె వేసిన కేజ్‌లో ఆడే పోటీకి, మారాలనుకుంటున్నావని తెలిసింది. వద్దనను. రోండా రౌజీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 70 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఈ దారినే వెళ్లి ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీకి మొదటి మహిళా చాంపియన్ అయింది. లండన్‌లో, రియోలో స్వర్ణాలు తెచ్చుకున్న కేలా హారిసన్ 2025 జూన్‌లో అదే చాంపియన్ బెల్ట్ గెలిచింది. ఇద్దరి ఫైట్లూ చూడు. కానీ అన్నిటికంటే ముందు, 2015 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో రౌజీ ఓడిన ఫైట్ చూడు.

హాలీ హోమ్ పక్కకు జరుగుతూ ఎడమచేత్తో కొడుతుంటే, రౌజీ తల కదపకుండా తిన్నగా వెంటపడింది. రెండో రౌండ్ 59వ సెకనుకు తలకు తన్ను తగిలి కథ ముగిసింది. జూడోలో పట్టు ఇవ్వకుండా తిరిగితే షిడో (పెనాల్టీ) పడుతుంది కాబట్టి ఎదుటి మనిషి ఎలాగూ చేతికి అందుతుంది. కేజ్‌లో అలా అందదు, నువ్వే వెళ్లి అందుకోవాలి. ప్రత్యర్థి వెనక పోవద్దు, ఆమె ఏ వైపు తిరుగుతుందో ఆ వైపు అడ్డంగా అడుగు వేసి దారి మూసెయ్. జాబ్ (ముందు చేత్తో తిన్నగా గుద్దు) వేస్తూ తల పక్కకు తీసి, ఆ అడుగులోనే చంక కింద చెయ్యి దూర్చు. ఈ ఒక్క కదలికకే ఏడాది పడుతుంది. నీ విసుర్లు ఎంత గొప్పవైనా దీని తర్వాతే పనికొస్తాయి.

జాకెట్ లేదు గనక స్లీవ్ బదులు మణికట్టు గానీ మోచేతి పైభాగం గానీ పట్టాలి. కాలర్ బదులు అండర్‌హుక్ (చంక కింద దూర్చిన చెయ్యి), లేదా మెడ వెనక చెయ్యి. ఉచిమాటా, ఒసోతో గారి లాంటి విసుర్లు ఈ పట్లతో బాగానే పడతాయి. మెడ చుట్టూ చెయ్యి వేసి తిప్పే కోషి గురుమాతో మాత్రం జాగ్రత్త. చెమటకు తల జారితే ఆమె నీ వీపెక్కుతుంది. 2013 ఫిబ్రవరిలో లిజ్ కార్ముష్ రౌజీ వీపెక్కి మెడ పట్టినప్పుడు బెల్ట్ పోయేంత పనైంది. వీపు దొరికితే ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది.

బోర్లా ముడుచుకుని రిఫరీ 'మాటే' (ఆపు) అనేదాకా ఆగే అలవాటు పూర్తిగా మానెయ్. అక్కడ 'మాటే' ఉండదు, పిడిగుద్దులుంటాయి. 2010 నుంచి జూడోలో కాళ్లు పట్టడం మీద ఆంక్షలు వచ్చాయి కాబట్టి మీ తరానికి ఆ దాడిని ఆపడం చేతకాదు. మంచి కుస్తీ కోచ్ దగ్గర స్ప్రాల్ (కాళ్లు వెనక్కి విసిరి, పైన పడి ఆ దాడిని ఆపడం) నేర్చుకో, వారానికి రెండు రోజులు.

జూజీ గాటామే (చేతిని కాళ్ల మధ్య బిగించి మోచెయ్యి వంచే పట్టు) నీ ఆస్తి. అయినా ఒకటి రెండు మార్పులు కావాలి. మోకాళ్లు గట్టిగా దగ్గరకు నొక్కి, నడుము ఆమె భుజానికి ఆనించి, ఆమె బొటనవేలు పైకి ఉండేలా మణికట్టు రెండు చేతులతో పట్టు. మోకాళ్ల మధ్య సందు ఉంటే తడి మోచెయ్యి జారిపోతుంది. జూడోలో నిన్ను పైకెత్తితే రిఫరీ ఆపుతాడు, ఇక్కడ ఎత్తి నేలకేసి కొడతారు. అందుకే కింద నుంచి పట్టు వేస్తే ఒక చేత్తో ఆమె కాలు లోపలివైపు నుంచి పట్టుకో. పై నుంచి వేస్తే తొందరపడొద్దు. అది తప్పితే నువ్వు కిందపడతావు. ముందు పక్కనుంచి అదిమి ఆమె ఊపిరి అలిసేలా చెయ్.

నాలుగు నిమిషాల బౌట్‌కు అలవాటైన శరీరం నీది. ఇక్కడ అయిదు నిమిషాల రౌండ్లు మూడు, టైటిల్ అయితే అయిదు. బరువు సంగతీ చూసుకో. రౌజీ ఒలింపిక్స్‌లో ఆడింది 70 కిలోల్లో, బెల్ట్ గెలిచింది 61.2 కిలోల విభాగంలో. హారిసన్ 78 నుంచి ఒక్కసారిగా దిగలేదు, ముందు 70 కిలోల దగ్గర చాలా ఏళ్లు ఆడింది. నువ్వూ వారానికి అర కిలో చొప్పున తగ్గు. నెలసరి ఆగిపోతే తిండి చాలట్లేదని అర్థం, వెంటనే డాక్టర్‌ని కలువు.

రౌజీ ముందు మూడు అమెచ్యూర్ ఫైట్లు ఆడింది. నువ్వూ అమెచ్యూర్‌గానే మొదలుపెట్టు. స్పారింగ్‌కి (సాధన కోసం ఆడే పోరుకి) 16 ఔన్సుల గ్లోవ్స్ వాడు, గట్టి స్పారింగ్ వారానికి ఒక్కసారే. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకు ఆపెయ్. డాక్టర్ సరేననే దాకా, కోచ్ ఎంత తొందరపెట్టినా, మళ్లీ గ్లోవ్స్ తొడగొద్దు.