రాయగడ కొండల్లో గ్రౌండ్ టైప్ గండమ్ నడుస్తుందా?

"మా గునుపూర్ వైపు కొండల్లో, వరి మళ్లలో 18 మీటర్ల రోబో నడవగలదా? అయినా ఈ గ్రౌండ్ టైప్ గండమ్ నాసిరకమే కదా?" అని అడిగారు. గండమ్ అంటే జపాన్ యానిమేలో మనిషి లోపల కూర్చుని నడిపే యుద్ధ రోబో; గ్రౌండ్ టైప్ అందులో నేల మీద పోరుకు చేసిన రకం.

ముందు లెక్క. ఆర్‌ఎక్స్-79జి (దీని మోడల్ నంబరు) ఖాళీ బరువు 52.8 టన్నులు. ఒక్కో పాదం 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకోండి (బొమ్మ చూసి వేసిన అంచనాయే). రెండు కాళ్ల మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోల లోపే. నడిచే మనిషి పాదం కిందా ఇంచుమించు అంతే పడుతుంది. ఒంటికాలి మీదకొస్తే రెట్టింపు, పరిగెడితే ఇంకా పైన. మెట్టలో, ఎర్రమట్టి వాలులో దిగులు లేదు. దమ్ము చేసిన మడిలోనే తంటా. దిగబడటం కాదు, బురద పట్టేసిన కాలు పీకడం కష్టం. ఒకటి లాగబోతే బరువంతా రెండోదాని మీద పడి అది ఇంకా దిగుతుంది, దున్నపోతు ఊబిలో పడ్డట్టే. గట్ల మీద అసలు నడిపించకూడదు. గెడ్డలో రాతి అడుగున్న చోటు చూసుకుని పోవాలి.

ఇక నాసిరకం అన్న మాట. అసలు గండమ్ కోసం చేసిన భాగాల్లో పరీక్ష నెగ్గనివాటితో దీన్ని కట్టారు, నిజమే. అయితే కవచం అదే లూనా టైటానియం (ఆ కథలోని గట్టి మిశ్రలోహం). తీసేసింది కోర్ ఫైటర్‌ని, అంటే అసలు గండమ్ నడుములో కాక్‌పిట్‌గా ఇమిడే చిన్న యుద్ధవిమానాన్ని. అందుకే కాక్‌పిట్ ఛాతీలోకి వచ్చింది. నేల మీద పోరాడేవాడికి అంతరిక్షపు హంగులెందుకు? 'ఏది బలమైనది' అని పవర్ అంకెలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్లకు ఇది ఎక్కదు. దీని అసలు లోటు విడిభాగాలు. తయారైనవే సుమారు 20. తల పోతే ఇంకో గండమ్ తల దొరకదు, పైలట్ కారెన్ గండమ్‌కి జిమ్ (గండమ్ కన్నా చవకైన, ఎక్కువ సంఖ్యలో చేసిన రోబో) తల తగిలించారు. దాంతోనే యుద్ధం చేసింది.

180 మి.మీ. ఫిరంగి వాడకం చూడండి. వీపు మీది పెట్టెలోంచి ముక్కలు తీసి బిగించాలి, డాలు అడుగు కొనలు నేలలో దించాలి, మోకాలు వేసి గొట్టం డాలు మీద ఆనించాలి. ఇదంతా అయ్యేదాకా ఎవడైనా మీద పడితే అంతే.

1996లో మొదలైన '08వ ఎంఎస్ టీమ్' సిరీస్‌లో అదే చూశాం. శత్రుపక్షపు పైలట్ నోరిస్ ఒక్కడే తన రోబో గౌఫ్ కస్టమ్‌తో దిగాడు. గండమ్‌లను ఓడించాలని కాదు, అవి కాపలా కాస్తున్న మూడు గన్‌ట్యాంకుల (కాళ్లకు బదులు ట్యాంకు పట్టాలున్న ఫిరంగి రోబోల) కోసం. శిథిల నగరంలో మేడల మీదకి తీగ విసిరి, ఎగిరి, గండమ్‌లను పక్కకు లాగి, ఒక్కో ట్యాంకూ లేపేశాడు. ఈజెడ్8 (హీరో గండమ్) కత్తి తనని నరుకుతున్నా మూడోదాన్ని కాల్చే పోయాడు. గండమ్ వాళ్లు బతికారు, ట్యాంకులు మిగల్లేదు. దాన్ని గెలుపంటే నేనొప్పుకోను.

ఆ కథలో మినోవ్‌స్కీ అనే కణాలు రాడార్‌ని పనిచేయనివ్వవు; అలా రాడార్ చచ్చాక నేలకు చెవి పెట్టి అడుగుల చప్పుడు వినేది గండమ్‌ల వెంట వచ్చే హోవర్ ట్రక్కే. కాబట్టి మీ వంశధార లోయలో దించాలంటే ముందు ట్రక్కుకి దారి, అది ఆగడానికి గట్టి నేల చూడండి. రోబో తర్వాత.