బొమ్మల వయసు చెప్పిన బండరాయి

ప్రశ్న: అమెరికాలోని యూటా రాష్ట్రంలో, హార్స్‌షూ కాన్యన్‌లో ఉన్న గ్రేట్ గ్యాలరీ ఫొటోలు చూశాను. గోడ మీద నిలువెత్తు ఎర్ర ఆకారాలు, చాలావాటికి కాళ్లూ చేతులూ లేవు. అవి ఎప్పటివో ఎలా తెలిసింది? తడిపితే రంగు తేటగా కనిపిస్తుందంటారు, నిజమేనా?

జవాబు: ఆ గోడ ముందు గంటసేపు కూర్చుని వచ్చినవాణ్ని కాబట్టి కాస్త చనువుగానే చెబుతాను. పై అంచు నుంచి 230 మీటర్ల దాకా దిగి, వాగు ఇసుకలో నడవాలి. రానూపోనూ 11 కిలోమీటర్లు. బొమ్మల వయసు సంగతి అలా ఉంచితే, తిరిగి ఎక్కేటప్పుడు నా వయసు నాకు తెలిసొచ్చింది.

రంగు ఐరన్ ఆక్సైడ్. తుప్పుకు ఎరుపునిచ్చేది కూడా అదే. ఆకుల పసరులా ఎండకు వెలిసిపోదు. 'హోలీ గోస్ట్' (పవిత్రాత్మ) అని పిలిచే ఆకారం మనిషి కన్నా ఎత్తు. దాని మీద రంగు పూసినట్టు ఉండదు, చిమ్మినట్టు తుంపర్లుగా ఉంటుంది. ఆ పేరు తర్వాత వచ్చినవాళ్లు పెట్టింది; గీసినవాళ్లు ఏమని పిలుచుకున్నారో!

ఇక వయసు. చాలాకాలం ఇవి వేల ఏళ్ల క్రితం వేటాడి బతికిన స్థానిక జనం గీసినవని, క్రీస్తుకు ముందువేనని అనుకున్నారు. 2014లో ప్రచురించిన పరిశోధన ఆ లెక్క మార్చింది. అక్కడ బొమ్మల గోడ నుంచి కొంత భాగం విరిగి కింద పడింది. రాతిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువుకు ఎండ తగిలితే అందులో దాచుకున్న శక్తి ఖాళీ అవుతుంది, చీకట్లో ఉంటే మళ్లీ కొద్దికొద్దిగా పోగవుతుంది. బండ బోర్లా పడ్డాక కిందివైపు ఎన్నేళ్లుగా చీకట్లో ఉందో అలా కొలిచారు. అది పడి సుమారు 900 ఏళ్లు. బొమ్మలో ముక్క దాంతోపాటు పోయిందంటే, బొమ్మ అంతకుముందే ఉండాలిగా! అంతకుముందు ఆ రాతి ముఖం ఎండలో ఎంతకాలం ఉందో కూడా లెక్కగట్టి, బొమ్మలు క్రీ.శ. 1 నుంచి 1100 మధ్య గీసినవని తేల్చారు. రంగును గోకకుండా, పక్కన పడిన రాయిని అడిగి తెలుసుకోవడం నాకు భలే నచ్చింది.

తడిపితే కాసేపు తేటగా కనిపించే మాట నిజమే. కానీ తడి ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకి తేలి, రంగుతో సహా పెచ్చు లేస్తుంది. ముట్టుకున్నా చేతి జిడ్డు అంటుతుంది. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు కూడా, తాగడానికి.